నీడకు కాపలా

మా ఫ్యాక్టరీ ఎక్కడుండేదని ఇప్పుడు బరంపురంలో ఎవరినైనా అడగండి, ముందు తల గోక్కుంటారు. తర్వాత, "ఓ, ఆ మిషన్ల కంపెనీయేటి? ఇప్పుడక్కడ కల్యాణమండపం కట్టీసినారు కదా" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. మేము లేతు మిషన్లు తయారుచేసిన చోట జనం ప్లేట్లు పట్టుకుని పనీర్ కూర కోసం వరసలో నిలబడుతున్నారు. ఆమధ్య బంధువుల పెళ్ళికి అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. ఐస్‌క్రీం బండి దగ్గర ఆగి, ఇదిగో సరిగ్గా ఇక్కడే మా స్క్రేపింగ్ సెక్షను అని మా ఆవిడకు చూపించబోయాను. "మీ సెక్షను గొడవ తరవాత, ముందు ఎల్లి అచ్చింతలేసి రండి" అంది. వెళ్ళి వేసి వచ్చాను.

ఏటా విశ్వకర్మ పూజనాడు మేం పాత అప్రెంటిస్‌లం బడా బజార్లో ఒక మిఠాయి కొట్టు మేడ మీద కలుస్తాం. ఒకప్పుడు మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఒక్క బల్ల సరిపోతోంది. మోకాళ్ళు, బీపీ మాత్రలు అయ్యాక కబుర్లు మొదలవుతాయి. చేతికి ఆకురాయి ఇచ్చి ఇనప దిమ్మను నలుచదరంగా రాకమన్న మొదటి నెల, అరచేతుల్లో లేచిన బొబ్బలు, ఆ చేతులతో అన్నం కలుపుకోలేక ముఢి, అదే మరమరాలు, బొక్కిన రోజులు. భంజనగర్ నుంచి వచ్చే ఒడియా మిత్రుడు ఒకడున్నాడు. ఒక పక్క సరిచేయబోతే ఇంకో పక్క వంకర వచ్చి, రాకి రాకి ఇటుకంత దిమ్మను అగ్గిపెట్టెంత చేశాడు. ఆ కథ ప్రతి ఏడూ చెప్పాల్సిందే, మేమందరం మొదటిసారి విన్నట్టు నవ్వాల్సిందే. నేనూ చాలా చెబుతాను. ఒక్కటి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఒక మనిషి తన చెయ్యి చెడిపోయిందనుకుని నలభై ఏళ్ళకు పైగా బతికాడు. అది చెడిపోలేదని ఆ ఏళ్ళన్నీ నాకొక్కడికే తెలుసు.

లేతు మిషను చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. తిరుగుతున్న ఇనప కడ్డీని చెక్కే యంత్రం అది. దాని అడుగున పట్టాల్లాగా పొడవాటి ఇనప దిమ్మ ఉంటుంది, దాన్ని బెడ్ అంటాం. బెడ్ తిన్నగా ఉంటేనే దాని మీద చెక్కిన పని తిన్నగా వస్తుంది. మిషను మీద ఎంత చెక్కినా చివరి తిన్నదనం మనిషి చేత్తోనే రావాలి. దానికి స్క్రేపర్ అని ఉలి లాంటి పనిముట్టు ఉంటుంది. పిడిని తుంటికి ఆనించి ముందుకు తోస్తే, ఇనుము గోధుమ పొట్టులా సన్నగా లేస్తుంది. ఎక్కడ గీకాలో తెలియడానికి ఒక బద్ద ఉంటుంది. మనిషి పొడవు పోత ఇనుము బద్ద. దాని అడుగు భాగం అచ్చంగా తిన్నగా ఉంటుంది. ఆ అడుగుకు నీలం రంగు పల్చగా పూసి బెడ్ మీద ఆనించి జరిపితే, ఎత్తుగా ఉన్న చోటల్లా నీలం అంటుకుంటుంది. ఆ మచ్చల్ని గీకెయ్యాలి. మళ్ళీ పూయాలి, మళ్ళీ గీకాలి. ఒక్క బెడ్డుకి రోజులు పట్టేవి.

ఆ బద్ద మా సెక్షనుకి దేవుడు. అరచేత్తో ముట్టుకోకూడదు, చేతి వెచ్చదనానికే అది వంగుతుందనేవారు. రెండు చివర్లా కర్ర పిడులుండేవి, వాటితోనే ఎత్తాలి. దాని మీదికి వంగి మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని మీద ఎండ పడకూడదు. షెడ్డుకి తూర్పున పెద్ద కిటికీలుండేవి. పొద్దున్నుంచీ ఎండ ముక్కలు నేల మీద ఒక్కో అడుగు జరుగుతూ పోయేవి. అవి బద్ద దగ్గరికి రాకుండా గోనెపట్టా కట్టిన కర్ర తడికను జరుపుతూ ఉండడమే కొత్తగా చేరిన అప్రెంటిస్ పని. దానికి మా సెక్షన్లో నీడకు కాపలా అని పేరు. ఇంట్లో నువ్వేం పని నేర్చుకుంటున్నావురా అని అడిగితే, తడిక జరుపుతున్నానని చెప్పలేక చచ్చేవాణ్ణి.

ఇంట్లో అంటే బడా బజార్లో చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం. మా తాతల కాలం నుంచి అదే కొట్టు, అదే దుమ్ము, అవే తుమ్ములు. మా వంశంలో ఇనుము పట్టుకున్న మొదటివాణ్ణి నేను. మా నాన్నకు అది బొత్తిగా నచ్చలేదు. "సరే, ఎల్లు. ఆళ్ళు గెంటీసిన్రోజు తిన్నగా కొట్టుకి రా. మరి ఇనుం మాటెత్తితే మాత్రం ఊరుకోను" అన్నాడు. ఆర్నెల్లు చూసి, పనికిరాని అప్రెంటిస్‌ను ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి పంపేసేవారు. ఆ ఆర్నెల్లూ నాకు గుండెల్లో రాయి.

మా స్క్రేపింగ్ మేస్త్రిగారికి అప్పుడు నలభై ఉంటాయేమో. మన తెలుగువాళ్ళే, తరాల కిందట ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చి బరంపురంలో స్థిరపడిన కుటుంబం. ఆయనది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నాల దగ్గర వాళ్ళ నాయనమ్మ ఆ చేతిని పాత గుడ్డతో నడుముకి కట్టేసేదట. మా కొట్లో కూడా ఎవరైనా ఎడం చేత్తో సరుకు అందిస్తే మా నాన్న మొహం చిట్లించేవాడు. అలాంటి చెయ్యి మా ఫ్యాక్టరీలో రాజ్యమేలింది. ఆయన గీకిన బెడ్డుని తనిఖీ వాళ్ళు ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు. బొంబాయి నుంచి ఇంజనీర్లు వచ్చి ఆయన పక్కన నిలబడి చూసేవారు. ఆయన చెయ్యెత్తి చూపించి, "బయట దీన్ని పుర్రచెయ్యంతారు. ఇక్కడ దీన్ని సూడ్డానికి రైలెక్కి వస్తన్నారు" అని నవ్వేవాడు. అది నవ్వులాగే ఉండేది కానీ, ఎన్నేళ్ళ ఉక్రోషం అందులో తీర్చుకునేవాడో నాకు తర్వాత అర్థమైంది.

బెడ్ పూర్తయ్యాక దాని మీద వరసగా నెలవంకలు చెక్కడం మా ఆచారం. నూనె నిలవడానికి పనికొస్తాయి, చూడ్డానికీ బాగుంటాయి. కుడిచేతి వాళ్ళ నెలవంకలన్నీ ఒక వైపు తిరిగి ఉంటాయి. మేస్త్రిగారివి మాత్రం రెండో వైపు తిరిగేవి. సంతకం అక్కర్లేదు, ఎవరు చూసినా ఇది ఆయన బెడ్ అని చెప్పేసేవారు.

నా ఆర్నెల్లు ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. చలికాలం. ఆ పొద్దున నేను అందరికన్నా ముందు వచ్చాను. బద్ద అడుగున నిన్నటి నీలం ఎండి పొలుసు కట్టి ఉంది. మేస్త్రిగారు వచ్చేలోపు శుభ్రం చేసి పెడితే మెచ్చుకుంటారని, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచి తళతళలాడించాను. ఇంకా తడిగా ఉంది. ఇక చూడండి నా తెలివి. మా కొట్లో తడి తగిలిన సరుకు ఏదైనా సరే, చింతపండు కానీ మిరపకాయలు కానీ గోనెసంచులు కానీ, నేరుగా ఎండలో పడెయ్యడమే. పుట్టిన దగ్గర్నుంచీ చూసిన పని. బుర్రతో ఆలోచించలేదు, చేతులే చేశాయి. పిడులు పట్టుకుని జాగ్రత్తగా ఎత్తి, కిటికీ కింద బల్ల మీద, ఎండలో ఆరబెట్టాను. నీడకు కాపలా ఉండాల్సినవాణ్ణి నేనే!

బద్ద ఆరింది, కానీ నేను భంజనగర్ మిత్రుడితో ఆ ఎండలోనే నిలబడి ముఢి తింటూ కబుర్లలో పడ్డాను. మేస్త్రిగారి సైకిలు చప్పుడు వినిపించాక గబగబా దాన్ని తెచ్చి నీడలో పెట్టేశాను. అప్పటికి దాని వీపు వేడెక్కి, నడుం మిల్లీమీటరులో ఎన్నో వంతో పైకి లేచింది. కంటికి కనపడదు. ఆయన నీలం పూసి బెడ్ మీద ఆనిస్తే రెండు కొనల దగ్గరే నీలం అంటుకుంది. కొనలు ఎత్తుగా ఉన్నాయనుకుని ఆయన కొనల్నే గీకాడు. గట్టి చెయ్యి కదా, మధ్యాహ్నం లోపల చాలా గీకేశాడు. బద్ద చల్లారింది. మర్నాడు తనిఖీ వాళ్ళు వచ్చి చూస్తే బెడ్ నడుం ఉబ్బి ఉంది.

బెడ్ వెనక్కి వచ్చింది. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. అదే ఇంకా ఘోరం. తనిఖీ ఆయన, ఏదో పొరపాటు అయి ఉంటుందిలెండి అని తనే తప్పు చేసినట్టు గొణిగాడు. మేస్త్రిగారు ఎడం చెయ్యి వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూసుకున్నాడు. నేను తడిక పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే ఆ సాయంత్రమే చింతపండు బస్తాల మధ్య ఉంటానని నాకు తెలుసు. తెరవలేదు. మా మిత్రుడికి బద్ద సంగతి తట్టలేదు, వాడు ముఢి మీద ధ్యాసలో ఉన్నాడు.

రెండు రోజులు ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఆయనే ఆ బెడ్డుని మళ్ళీ గీకి, నెలవంకలు వేసి పంపాడు. మూడో రోజు మేనేజరు దగ్గరికి వెళ్ళి, పనిముట్లు ఇచ్చే స్టోరులోకి మార్చమని అడిగాడు. ఎందుకని మేమందరం వెంటపడితే, "సెయ్యి ఒట్టిపోయింది బాబూ. పుర్రచెయ్యి బుద్ధి సూపించింది" అన్నాడు. నవ్వలేదు. ఆర్నెల్లు అయ్యాయి, నన్ను ఉంచారు. ఏళ్ళు గడిచాక ఆయన నిలబడిన చోటనే నేను నిలబడ్డాను. స్టోరు కిటికీలోంచి ఆయన నాకు స్క్రేపర్ అందిస్తూ, "పదును సూసుకో నాన్నా" అనేవాడు. ఎడం చేత్తో కాదు, కుడి చేత్తో అందించేవాడు.

ఫ్యాక్టరీ మూతపడే వరకూ చెప్పలేదు. మూతపడ్డాకా చెప్పలేదు. చెప్పి ఏం లాభం, పెద్దాయన మర్చిపోయి ఉంటాడు అనుకునేవాణ్ణి. పిరికివాడికి సాకులకేం కొదవ?

కిందటేడు పూజ దగ్గర భంజనగర్ మిత్రుడు ఒక కబురు తెచ్చాడు. పాత్రపూర్లో రైతుల నీటి పంపులు బాగుచేసే ఒక కుర్రాయన షెడ్డులో మన లేతు ఒకటి ఉందనీ, బెడ్ అరిగిపోయి పని వంకర వస్తోందనీ, చేత్తో గీకేవాడు ఎవడైనా మిగిలాడా అని అడుగుతున్నాడనీ చెప్పాడు. మిగిలినవాణ్ణి నేనే. బస్సెక్కి వెళ్ళాను. రేకుల షెడ్డు, బయట పంపుల గుట్ట, లోపల మూలన మా లేతు. నూనె మురికి గుడ్డతో తుడుస్తూ బెడ్ చివరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. చివర జానెడు మేర అరగలేదు. అక్కడ నెలవంకలు కొత్తగా చెక్కినట్టే ఉన్నాయి, రెండో వైపు తిరిగి. వాటి పక్కన చింతగింజంత గుంట ఉంది. ఇనుము పోత పోసినప్పుడు పడిన లోపం అది. ఆ చలికాలం రెండు రోజులూ ఆ గుంటను దూరం నుంచి చూస్తూ గడిపినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి? ఆ బెడ్డే. ఆయన ఆఖరి బెడ్.

మధ్యలో అరిగి లోతైంది కాబట్టి, మొత్తం తిన్నగా రావాలంటే అరగని చివరను గీకి దించాలి. అంటే ఆ నెలవంకలు పోతాయి. కుర్రాయన, "ఎన్నాళ్ళు పడతాది బాబూ, రైతులు పంపుల కోసం తొందర పెడతన్నారు" అని అడుగుతున్నాడు. నాకు స్క్రేపర్ ఎత్తబుద్ధి కాలేదు. ఒకసారి ఆయన చెయ్యి చెరిపాను. ఆ సంగతి చెప్పకుండా ఇంకోసారి చెరపడం నా వల్ల కాలేదు. వారంలో వస్తానని చెప్పి బయల్దేరాను.

మేస్త్రిగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. పట్టు నేసేవాళ్ళ వీధిలో చిన్న పెంకుటిల్లు. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! "ఏటిరా, తోవ తప్పీసేవా?" అన్నాడు. ఆయన భార్య, మా పిన్నిగారు, టీ గ్లాసులు తెచ్చింది. ఆయన గ్లాసు కుడి చేత్తో పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణికి సగం టీ లుంగీ మీద పడింది. ఎడం చెయ్యి ఒళ్ళో ఊరికే పడుంది. "ఆ రెండో సేత్తో పట్టుకోండి, అది వొణకదు కదా అంటే ఇనరు. తలుపు గెడ తియ్యడానికి కూడా దాన్ని వాడరు" అని పిన్నిగారు నాతో ఫిర్యాదు చేసింది.

చెప్పాను. కిరసనాయిలు, ఎండ, ముఢి, సైకిలు చప్పుడు, అన్నీ. తల దించుకుని చెప్పాను.

"ఎంతసేపుంచేవు ఎండలో?"

"గంట ఉంటుందండి."

"గంట." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నలబయ్యేళ్ళు పైన దీన్ని తిట్టుకున్నాన్రా నాను. మా నాయనమ్మ సెప్పిందే నిజం అనుకున్నాను. ఆ తరవాత నాకు కొడుకు పుడితే ఆడిదీ ఈ వాటవేఁ. ఆడి సెయ్యి కూడా నానే కట్టీసినాను." గొంతు పెరిగింది. "నీకు నోరు నేదేటి? ఒక్క మాట, ఒక్క మాట సెప్పలేకపోయేవా?"

"భయమేసిందండి."

"ఎల్లు" అన్నాడు. పిన్నిగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. క్షమిస్తాడనే ఆశ ఏదో మూల దాచుకుని వెళ్ళినట్టు, వీధి చివర దాకా వచ్చాక నాకే తెలిసింది. సిగ్గేసింది.

కొడుకు చెయ్యి సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఆ వారమంతా అన్నం కలిపినప్పుడల్లా అదే గుర్తొచ్చేది.

ఏడో రోజున పిన్నిగారు ఫోన్ చేసింది. "మీ మేస్త్రిగారు రమ్మంతన్నారు. అటక మీద పెట్టె దింపించి ఆ ఇనప ముక్క తీయించేరు, నిన్నటి నుంచీ రాయి మీద నూరతన్నారు." వెళ్ళేసరికి ఆయన చొక్కా వేసుకుని అరుగు మీద తయారుగా ఉన్నాడు. పక్కన గుడ్డలో చుట్టిన పాత స్క్రేపర్. నా మొహం చూడకుండా, "ఆటో పిలు. పాత్రపూర్ ఎల్దాం" అన్నాడు. దారి పొడుగునా వరిచేల వైపే చూస్తూ కూర్చున్నాడు.

షెడ్డులో దిగగానే బెడ్ చివర నెలవంకల మీద ఎడం చెయ్యి వేసి తడిమాడు. చూపు సరిగా ఆనదు కాబట్టి వేళ్ళతోనే చదువుకున్నాడు. తర్వాత, "బాగుందిరా. ఇది బాగుంది" అన్నాడు, ఎవరో వేరే వాళ్ళ పనిని మెచ్చుకున్నట్టు. "మరి గీకీ. అడ్డమొస్తే గీకీవలసిందే."

నాలుగు రోజులు పట్టింది. అరువు తెచ్చిన బద్ద, నీలం రంగు, నా నడుం నొప్పి. రోజూ ఆయన నాతో ఆటోలో వచ్చేవాడు. పొద్దున పూట షెడ్డు వాకిట్లోంచి ఎండ ముక్క నేరుగా లోపలికి వచ్చేది. తడిక ఏదీ లేదు. మొదటి రోజే ఆయన అది గమనించి, ముక్కాలి పీట లాక్కుని సరిగ్గా వాకిట్లో, వీపు ఎండకి పెట్టి కూర్చున్నాడు. ఆయన నీడ బద్ద మీద పడింది. ఎండ జరిగితే పీట జరిపేవాడు. టీకి కూడా లేవలేదు. ఎనభై ఏళ్ళ మా మేస్త్రిగారు నా బద్దకు నీడ కాశాడు. నేను వంగి గీకుతూ ఉంటే కళ్ళనీళ్ళు బెడ్ మీద పడ్డాయి. "తడి సెయ్యకు, తుప్పట్టీగల్దు" అన్నాడు వెనక నుంచి.

నాలుగో రోజు బెడ్ తిన్నగా వచ్చింది. నెలవంకలు వేశాను, నా వైపు తిరిగినవి. చివర జానెడు చోటు ఖాళీగా వదిలాను. ఎందుకు వదిలానో చెప్పలేదు, ఆయనా అడగలేదు. పీట మీంచి లేచి వచ్చి తన స్క్రేపర్ని ఎడం చేత్తో తీసుకుని, పిడిని తుంటికి ఆనించాడు. కాళ్ళు సరిగ్గా మునుపటిలాగే పెట్టాడు. తోశాడు. నలభై ఏళ్ళు పని లేని చెయ్యి, మధ్యలో బలం చాల్లేదు. నెలవంక సగం దాకా చక్కగా వంగి, తర్వాత పక్కకి జారి తోకలా సాగింది. ఊపిరి పీల్చుకుంటూ నిలబడిపోయాడు.

"నేను సరిచేస్తానండి" అని నా స్క్రేపర్ అందుకోబోయాను.

"ముట్టుకోకు." ఎడం చెయ్యి దాని మీద అడ్డంగా పెట్టాడు. "ఇది నా తప్పే. నా సేత్తో సేసినాను. దీన్నిలాగే ఉండనీ."

కుర్రాయన టీలు తెచ్చాడు. మేస్త్రిగారు గ్లాసు ఎడం చేత్తో పుచ్చుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తాగాడు.